పచ్చిక పట్టిన ఫొటో

పెరట్లో గరిక మీద ఎవరో వేసి మరిచిపోయిన పీట ఉంటే, వారం తరువాత ఎత్తి చూడండి. పీట ఎంత ఉందో అంత మేరా గడ్డి పాలిపోయి, లేత పసుపుకు తిరిగి, నేలకు అణిగి ఉంటుంది. అంచుల దగ్గర, పీటకాళ్ళ సందుల్లోంచి కాస్త వెలుగు దూరిన చోట, ఆ పసుపులో కొంచెం పచ్చ కలిసి ఉంటుంది. పీట ఆకారంతో పాటు వెలుగు ఎక్కడ ఎంత అందిందో కూడా గడ్డి లెక్క రాసి పెట్టిందన్నమాట. మనకు ఆ లెక్కతో పని లేదు. గడ్డి పాడైందని విసుక్కుని పీటను పక్కకు జరుపుతాం. నాలుగు రోజులు ఎండ తగిలాక ఆ గుర్తు చెరిగిపోతుంది.

1990లో ఇటలీలోని బుస్సానా వెక్యా అనే ఊళ్ళో ఇద్దరు ఇంగ్లండు కళాకారుల కంట ఇలాంటి గుర్తే పడింది. 1887 నాటి భూకంపానికి కూలిపోయి, జనం వదిలేసి పోయిన కొండ ఊరది. చాలాకాలానికి కళాకారులు వచ్చి ఆ శిథిలాల్లోనే కాపురాలు పెట్టారు. హెదర్ ఆక్రాయిడ్, డాన్ హార్వే అక్కడ ఒక గది గోడలకు గడ్డి మొలిపిస్తున్నారు. గోడకు ఆనించిన నిచ్చెనను తీస్తే, దాని వెనక గడ్డి మీద నిచ్చెన ఆకారం పసుపుగా మిగిలి ఉంది. నిచ్చెన నీడ అచ్చు పడినప్పుడు మనిషి ముఖం ఎందుకు పడదన్న ప్రశ్న అక్కడ పుట్టింది. ఆ ప్రశ్నను పట్టుకుని వాళ్ళు ముప్పై ఏళ్ళకు పైగా కలిసి పనిచేస్తున్నారు.

మన భాషలో ఫొటోకు ఛాయాచిత్రం అని పేరు. ఛాయ అంటే నీడ. గ్రీకు మూలాల నుంచి కట్టిన ఫొటోగ్రఫీ అన్న మాటకేమో వెలుగుతో గీయడమని అర్థం. ఒకరు వెలుగు వైపు నుంచి, ఒకరు నీడ వైపు నుంచి ఒకే వస్తువుకు పేరు పెట్టారు. కెమెరా ఫొటో విషయంలో మన పేరు కాస్త కవిత్వంలా అనిపిస్తుంది కానీ, ఆ నిచ్చెన గుర్తుకు మాత్రం అతికినట్టు సరిపోతుంది. అది అచ్చంగా ఛాయాచిత్రం. కెమెరా లేదు, కటకం లేదు, రసాయనం లేదు.

ఆక్రాయిడ్, హార్వేలవి "గడ్డి ఫొటోలు" అని చెప్పగానే వినేవాళ్ళు రెండు రకాలుగా పొరబడటం చూశాను. గడ్డికి రంగు వేస్తారని కొందరు అనుకుంటారు. వేయరు. జపాన్‌లోని ఇనకదాటె గ్రామంలో రంగురంగుల వరి రకాలను వరసలుగా నాటి పొలంలో బొమ్మలు తీస్తారు కదా, ఇదీ అలాంటిదేనని మరికొందరు అనుకుంటారు. 1993లో మొదలైన ఆ పని గొప్పదే, కానీ అది ముగ్గు లాంటిది. ఏ రకం ఎక్కడ నాటాలో మనిషే ముందుగా గీసుకుంటాడు. ఆక్రాయిడ్, హార్వే గడ్డి అంతా ఒకే రకం, ఒకే రోజు చల్లిన విత్తనం. ఏ పరక పచ్చగా ఉండాలో ఏది పసుపుగా ఉండాలో వెలుగే తేలుస్తుంది. అందుకే దాన్ని ఫొటో అనగలుగుతున్నాం.

అది ఎలా జరుగుతుందో వరి పండించే ఇళ్ళలో వేరే చెప్పక్కర్లేదు. నానబెట్టిన విత్తనాన్ని గోనెసంచిలో మండె కడతారు. రెండో రోజు సంచి విప్పితే గింజ గింజకీ తెల్లని ముక్కు వచ్చి ఉంటుంది. పచ్చదనం ఇసుమంత ఉండదు. దాన్నే నారుమడిలో చల్లితే వెలుగు చూసిన కొద్దీ పచ్చబడుతుంది. పెళ్ళిళ్ళలో అంకురార్పణకు పాలికల్లో పోసిన నవధాన్యాలూ అంతే. గది మూలన చీకట్లో పెట్టిన పాలికలో మొలకలు పాలిపోయి సన్నగా పొడుగ్గా లేస్తాయి, వాకిట్లోకి తెస్తే రంగు తిరుగుతాయి.

కారణం ఇది. ఆకుకు పచ్చరంగునిచ్చే పత్రహరితాన్ని మొక్క మెట్టు మెట్టుగా తయారు చేసుకుంటుంది. చీకట్లో కూడా చివరి మెట్ల దాకా వెళ్ళగలదు. ప్రోటోక్లోరోఫిల్లైడ్ అనే పదార్థం దగ్గర ఆగిపోతుంది. అక్కడి నుంచి ముందుకు వెళ్ళడానికి కావలసిన ఎంజైము వెలుగు పడితే తప్ప పనిచేయదు. వండడానికి అన్నీ సిద్ధం చేసుకుని నిప్పు కోసం కూర్చున్న ఇల్లాలి పరిస్థితి. వెలుగు ఎంత అందితే అంత పత్రహరితం పోగవుతుంది. అసలు అందని చోట, పత్రహరితం కప్పేయవలసిన పసుపు రంగు పదార్థాలు, అంటే కెరోటినాయిడ్లు, పైకి కనిపిస్తాయి. పచ్చ నుంచి పసుపు దాకా మధ్యలో ఉన్న ఛాయలన్నీ వెలుగు హెచ్చుతగ్గుల వల్ల వచ్చినవే. (పైన్ జాతి చెట్ల మొలకలకు ఈ చిక్కు లేదు, అవి చీకట్లోనూ పచ్చబడగలవు. గడ్డి కూడా అలాంటిదే అయి ఉంటే ఈ వ్యాసం ఉండేది కాదు.)

ఇప్పుడు దీన్ని ఫొటోగా మార్చడం చూద్దాం. గోనె లాంటి ముతక బట్టను నిలువుగా బిగించి దాని మీద గడ్డి విత్తనాన్ని దట్టంగా అంటిస్తారు. సాధారణంగా వాడేది పశువుల మేతకూ లాన్లకూ పెంచే రైగ్రాస్. గదిని పూర్తిగా చీకటి చేస్తారు. ఎదురుగా ప్రొజెక్టర్ పెట్టి, ఒక నెగటివ్‌ను, అంటే వెలుగునీడలు తారుమారైన ఫిల్మును, ఆ మొలకల గోడ మీద వేస్తారు. వారం పది రోజుల పాటు ఆ గదిలోకి వచ్చే వెలుగంతా ఆ నెగటివ్‌లోంచి వచ్చేదే. మొలకలు ఆ బొమ్మలోనే పుట్టి, ఆ బొమ్మను తిని పెరుగుతాయి. నీళ్ళు చల్లుతూ ఉంటారు. పరకలు ఎదిగేసరికి మనిషి ఎత్తుకు ఎన్నో రెట్లున్న ముఖం తేలుతుంది.

నెగటివ్ ఎందుకు వాడాలన్నది చాలామందికి తట్టే ప్రశ్న. గడ్డిలో ముదురు రంగు పచ్చ, లేత రంగు పసుపు. వెలుగు ఎక్కువ పడ్డ చోటే ముదురు రంగు వస్తుంది. మామూలు బొమ్మను వేస్తే ముఖం మీద మెరిసే భాగాలు ముదురు పచ్చగానూ, నల్లని జుట్టు లేత పసుపుగానూ వచ్చి తలకిందులవుతుంది. నెగటివ్‌లో జుట్టు తెల్లగా ఉంటుంది కాబట్టి అక్కడ ఎక్కువ వెలుగు పడి గడ్డి ముదురుతుంది. బొమ్మ సరిగ్గా కుదురుతుంది. పాత స్టూడియోల్లో వెండి లవణాలు పూసిన కాగితం మీద ఎన్‌లార్జర్ అనే బొమ్మను పెద్దది చేసే దీపం కింద జరిగేది కూడా ఇదే. అక్కడ కొన్ని సెకన్లు, ఇక్కడ కొన్ని రోజులు, అంతే తేడా. మనవాళ్ళు ఫొటోలు కడిగించడమంటారు. ఈ ఫొటోను పండించాలి.

నేనూ ఒకసారి ప్రయత్నించాను. అట్టపెట్టెలో వెడల్పాటి పళ్ళెం పెట్టి, తడిగుడ్డ పరిచి, నానిన గోధుమలు పోశాను. పెట్టె మూతలో 'అ' అక్షరం ఆకారంలో కంత కోసి పైన బల్లదీపం పెట్టాను. మొదటిసారి మూడో రోజుకే బూజు పట్టింది. రెండోసారి గుడ్డను తక్కువగా తడిపాను. తొమ్మిదో రోజు మూత తీస్తే పసుపు మొలకల మధ్య పచ్చని 'అ' కనిపించింది. కనిపించిందనే అనాలి, ఎందుకంటే అక్షరంలోని చుట్టు పూడిపోయి అది 'అ'నో 'ల'నో చెప్పలేని స్థితి. మొలక వెలుగు వైపు వంగుతుంది. కంత అంచుల్లో ఉన్నవన్నీ లోపలికి వాలి అక్షరాన్ని మింగేశాయి. విత్తనాన్ని నిలువు గోడ మీద అంటించి, వెలుగును తిన్నగా ఎదురు నుంచి ఇవ్వడంలో ఉన్న కిటుకు అప్పుడు అర్థమైంది. అన్ని పరకలూ ప్రొజెక్టర్ వైపే చూస్తుంటే ఒకదాని మీదికి ఒకటి వాలడం తగ్గుతుందనుకుంటాను. పైగా ముఖంలో కనురెప్పల వెంట్రుకల దాకా తేలాలంటే విత్తనం ఎంత ఒత్తుగా ఉండాలో, ఎంత సమంగా మొలవాలో నా పళ్ళేన్ని చూశాకే తెలిసింది.

ఇది కొత్తగా కనిపెట్టిన వింత కాదు. దీనికి వంశవృక్షం ఉంది, కాకపోతే అందులో బంధుత్వాలు కాస్త చిక్కు. మొక్కలతో ఫొటో తీసే పద్ధతుల్లో ఎక్కువ భాగం గడ్డి ఫొటోకు సరిగ్గా తిరగబడి పనిచేస్తాయి. 1842లో జాన్ హెర్షెల్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త పూల రసాలను కాగితానికి పూసి ఎండలో పెట్టి బొమ్మలు తీశాడు. ఆ కాలపు శాస్త్ర రచయిత్రి మేరీ సోమర్విల్ కూడా మొక్కల రసాల మీద ఇలాంటి పరీక్షలే చేసింది. అక్కడ ఎండ రంగును హరిస్తుంది. ఎండ తగలని చోట రంగు మిగిలి బొమ్మ అవుతుంది. ఈ కాలంలో బిన్ డాన్ అనే వియత్నాం మూలాలున్న అమెరికన్ కళాకారుడు కోసిన ఆకుల మీద ఎండతో ముఖాలు తెప్పిస్తాడు. వియత్నాం యుద్ధంలో, కంబోడియా మారణకాండలో పోయినవారి ముఖాలవి. అదీ పత్రహరితం వెలిసిపోవడం వల్లే. ఈ పద్ధతులన్నిటిలో ఉన్న రంగు పోతుంది. గడ్డి ఫొటోలో లేని రంగు పుడుతుంది. బతికి ఎదుగుతున్న మొక్కలోనే అది సాధ్యం.

దగ్గరి చుట్టమెవరంటే హాన్స్ మోలిష్ అనే వృక్షశాస్త్రవేత్త. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఆయన చెట్టు మీదున్న ఆకుకే నెగటివ్ బిగించి ఎండ తగలనిచ్చాడు. వెలుగు పడ్డ చోట ఆకు పిండిపదార్థం తయారు చేసుకుంది. తరువాత ఆ ఆకు రంగును తీసేసి అయోడిన్‌లో ముంచితే పిండిపదార్థమున్న చోటల్లా నల్లబడి బొమ్మ బయటపడింది. బడిలో సగం ఆకుకు నల్లకాగితం చుట్టి చేయించే కిరణజన్య సంయోగక్రియ ప్రయోగం గుర్తుందా? అదే ప్రయోగం, నల్లకాగితం బదులు ఒక ముఖం. నోరు తిరగని ఆ పేరును పరీక్షల కోసం బట్టీ పట్టిన మనం ఆ అయోడిన్ ఆకులో ఒక ఫొటోగ్రఫీ దాగి ఉందని అనుకోనే లేదు.

అసలు చిక్కు బొమ్మ తేలాక మొదలవుతుంది, ఈ జంట పనిలో నన్ను పట్టి ఆపేదీ అదే. 

గడ్డి ఫొటోను అందరికీ చూపించాలంటే దీపం వేయాలి. దీపం వేస్తే పసుపు పరకలు కూడా పచ్చబడతాయి. అంటే చూడటమే బొమ్మను చెరిపేస్తుంది. సరే, మసక వెలుగులోనే ఉంచుదామంటే బతికున్న గడ్డి ఎన్నాళ్ళో ఉండదు, పండిపోతుంది. పచ్చ భాగం కూడా పసుపైపోయి బొమ్మ మాసిపోతుంది. ఎటు పోయినా నష్టమే.

ఫొటోగ్రఫీ పుట్టుకలో కూడా ఇదే నష్టం ఉంది. 1802 నాటికే థామస్ వెడ్జ్‌వుడ్ వెండి లవణంతో ఆకుల అచ్చులు తీయగలిగాడు. అయితే వాటిని నిలపడం ఎలాగో తెలియదు. పగటి వెలుగులో చూస్తే మొత్తం నల్లబడిపోయేవి. దీపం గుడ్డి వెలుగులో దొంగచాటుగా చూసుకోవలసి వచ్చేది. 1819లో హెర్షెల్ హైపో అనే రసాయనం వెండి లవణాలను కరిగిస్తుందని కనిపెట్టాడు, 1839లో దాన్ని ఫొటోకు వాడాడు. అక్కడితో బొమ్మ నిలిచింది. డార్క్‌రూమ్ ఉన్న రోజుల్లో స్టూడియోలో పనిచేసినవారెవరినైనా అడగండి, హైపో వాసన ఇప్పటికీ ముక్కుకు తగులుతుందంటారు. బొమ్మ తెప్పించడం కంటే దాన్ని ఆపడమే ఫొటోగ్రఫీలో కష్టమైన భాగమని ఆ చరిత్ర చెబుతుంది. ఆక్రాయిడ్, హార్వే హైపో లేని కాలానికి తిరిగి వెళ్ళారు. ప్రయోగాత్మక ఫొటోగ్రఫీ అని మనం తేలిగ్గా అనేస్తుంటాం. వంకర కోణాలు, అస్పష్టమైన బొమ్మలు, గీతలు పడిన ఫిల్మూ అన్నీ ఆ గంపలోకే వెళ్తాయి. నా దృష్టిలో ఆ మాటకు తగింది ఇదే. ఎప్పుడో తేలిపోయిందనుకున్న ప్రశ్నను మళ్ళీ తెరిచిన పని.

తెరిచి వదిలేయలేదు కూడా. పరిష్కారం వెతుక్కుంటూ వేల్స్ వెళ్ళారు. అక్కడ ఎబరిస్ట్‌విత్ దగ్గర గడ్డిజాతుల మీద పరిశోధన చేసే సంస్థ ఒకటుంది. అందులో హోవర్డ్ థామస్, హెలెన్ ఓగమ్ ఆకు ఎలా పండుతుందన్న విషయాన్ని అప్పటికే ఏళ్ళ తరబడి పరిశీలిస్తూ ఉండేవారు. మన పండుటాకు అన్న మాటలో ఉన్న సంగతే అది. ఆకు ఊరికే వాడిపోదు, పద్ధతిగా తన పచ్చదనాన్ని విప్పుకుంటుంది. పత్రహరితంలోని మెగ్నీషియాన్ని తీసేసి, మిగతాదాన్ని ముక్కలు చేసి, ఆకులోని పనికొచ్చే నత్రజనిని చెట్టుకు అప్పగించి రాలుతుంది. ఇంటి పెద్ద పోయే ముందు తాళంచెవులు అప్పజెప్పినట్టు.

మెడో ఫెస్క్యూ అనే గడ్డిలో ఈ విప్పుకోవడం తెలియని మొక్క ఒకటి సహజంగానే దొరికింది. ఆకు ముసలిదవుతుంది, ఎండుతుంది, కానీ పచ్చగానే ఉంటుంది. ఆ లక్షణాన్ని సంకరం ద్వారా రైగ్రాస్‌లోకి తెచ్చారు. పచ్చగా నిలిచే ఆ గడ్డితో బొమ్మ పండించి, ఎండబెడితే, పచ్చ భాగం పచ్చగానే ఉండిపోతుంది. ఎండిన గడ్డిలో కొత్త పచ్చదనం పుట్టదు కాబట్టి పసుపు భాగమూ పసుపుగానే ఉంటుంది. తల్లీబిడ్డల బొమ్మతో సహా కొన్నిటిని ఇలాగే ఎండబెట్టి నిలిపారు. అయినా అది హైపో అంత గట్టి ముడి కాదు. గట్టి వెలుగులో పెడితే ఎండుగడ్డిలోని పచ్చ కూడా వెలిసిపోతుంది. మసక గదుల్లో ఉంచితే ఏళ్ళ తరబడి నిలుస్తుంది.

ఇక్కడ కథ ఒక్కసారి వెనక్కి, 1866కు వెళ్తుంది. మెండెల్ తన బఠానీ ప్రయోగాలను అచ్చు వేసిన సంవత్సరమది. ఆయన ఎంచుకున్న ఏడు లక్షణాల్లో గింజ రంగు ఒకటి: పసుపా, పచ్చా. రెండో తరంలో 6,022 పసుపు గింజలు, 2,001 పచ్చ గింజలు వచ్చాయని లెక్కపెట్టాడు. మూడుకు ఒకటి అన్న నిష్పత్తి మనం బడిలో చదివిందే. ఆ పచ్చ గింజ పచ్చగా ఎందుకుందో మాత్రం నూట నలభై ఏళ్ళ దాకా ఎవరూ తేల్చలేదు. 2007లో వేల్స్ సంస్థ పరిశోధకులు, మరికొందరితో కలిసి, దాన్ని పట్టుకున్నారు. మెండెల్ పచ్చ బఠానీలోనూ, ఎప్పటికీ పచ్చగా ఉండే ఆ గడ్డిలోనూ చెడిపోయినది ఒకే జన్యువు. పత్రహరితాన్ని విప్పే పని సరిగ్గా జరగకపోవడం వల్లే గింజ పచ్చగా ఉండిపోతోంది. ఆ జన్యువును వెతికే దారిలో వరి జన్యుపటం తోడ్పడింది, ఎందుకంటే వరి కూడా గడ్డిజాతే, దాంట్లోనూ ఈ జన్యువు అదే స్థానంలో ఉంది. మన నారుమడిలోని మొక్కకూ, లండన్ గ్యాలరీలో వేలాడిన ముఖానికీ ఇంత దగ్గరి చుట్టరికం ఉంటుందని నేను ఊహించలేదు.

కళాకారులు శాస్త్రవేత్తలను వాడుకున్నారని కొందరంటారు. ఈ సంగతిలో ఆ మాట సగమే నిజం. ఆకు లోపలి పత్రహరితం హెచ్చుతగ్గులను ఇంత పెద్ద ఎత్తున, ఇంత స్పష్టంగా కళ్ళకు కట్టే సాధనం, నాకు తెలిసినంతలో, ప్రయోగశాలలో అప్పటిదాకా ఎవరూ చేయలేదు. చేయవలసిన అవసరం వాళ్ళకు తోచలేదేమో.

మరి ఈ ఫొటో తీసిందెవరు? ఫొటోగ్రఫీలో జంట అన్న మాటే కాస్త విడ్డూరం. కెమెరా కంత ఒకే కంటికి సరిపడేటట్టు చేశారు. నొక్కే వేలు ఒకటే. సినిమాలో, పాటలో ఇద్దరు కలిసి పనిచేశారంటే ఎవరు ఏం చేశారో చెప్పగలం. ఫొటోలో అలా పంచుకోవడం కష్టం. అందుకేనేమో పేరున్న ఫొటో జంటలు చాలావరకు నొక్కే క్షణాన్నే పక్కకు నెట్టాయి. ఆడమ్ బ్రూమ్‌బర్గ్, ఆలివర్ చనారిన్ 2008లో బ్రిటిష్ సైన్యంతో కలిసి అఫ్గానిస్తాన్‌లోని హెల్మండ్‌కు వెళ్ళినప్పుడు కెమెరా బదులు యాభై మీటర్ల ఫొటో కాగితం చుట్ట తీసుకెళ్ళారు. ప్రతి ఘటనకూ కొంత కాగితాన్ని చుట్ట నుంచి లాగి ఇరవై సెకన్లు ఎండకు చూపించారు. యుద్ధం నుంచి వచ్చిన ఫొటోల్లో శవాలు లేవు, సైనికులు లేరు, రంగుల మరకలు ఉన్నాయి. ఎవరు నొక్కారన్న ప్రశ్నకు అక్కడ తావే లేదు. ఆ ఇద్దరూ 2021లో తమ జంట పేరు మరణించిందని చాటి, బార్సిలోనాలో మరణానంతర ప్రదర్శన పెట్టి మరీ విడిపోయారు.

ఆక్రాయిడ్, హార్వే విడిపోలేదు. బహుశా వాళ్ళ పనిలో పంచుకోవడానికి నొక్కే క్షణమే లేకపోవడం ఒక కారణం కావచ్చు. పది రోజుల పాటు ఇద్దరూ చేసేది కాపలా. వేడి తగ్గకుండా, తడి ఆరకుండా, తలుపు సందులోంచి వెలుగు దూరకుండా చూసుకోవడం. ఆమె ప్రదర్శన కళల వైపు నుంచి, అతను శిల్పం వైపు నుంచి వచ్చారు. కలవకముందే ఇద్దరూ ఎవరికి వారు గడ్డితో పనిచేస్తూ ఉన్నారు. శిల్పానికి వస్తువు కావాలి, ప్రదర్శనకు మొదలూ చివరా ఉన్న కాలం కావాలి. గడ్డి ఫొటోలో రెండూ ఉన్నాయి: గోడంత బరువైన వస్తువు, కొన్నాళ్ళలో ముగిసే ఆట.

ఆ ఆట ఎంత పెద్దదో చూపినవి రెండు. 2003లో లండన్‌లోని బెర్మండ్సీలో, డిల్‌స్టన్ గ్రోవ్ అనే పాత కాంక్రీటు చర్చి లోపలి గోడలన్నిటికీ గడ్డి మొలిపించారు. 2007లో థేమ్స్ ఒడ్డున ఉన్న నేషనల్ థియేటర్ గోపురం లాంటి కాంక్రీటు భాగాన్ని బయటి నుంచి పచ్చగా కప్పారు. ఈ రెండింటిలోనూ బొమ్మ లేదు. పదార్థం మాత్రం అదే. కొన్ని వారాలు ఎదిగి, పండి, ఎండింది. వీటిని ఫొటోగ్రఫీ అనాలా అని వాదించేవారున్నారు. ముఖం లేకపోతే ఫొటో కాదనడం నాకు రుచించదు. వెలుగు ఎటు నుంచి ఎంత పడిందో ఆ గోడలూ రాసుకున్నాయి. అయితే నేరుగా చెప్పాలంటే, ముఖాలే నన్ను ఎక్కువ కదిలిస్తాయి. 2022లో సిడ్నీ బినాలే అనే కళాప్రదర్శనలో, ఆ నేల అసలు వారసులైన గాడిగల్ ప్రజల్లోంచి వచ్చిన యువ పర్యావరణ కార్యకర్త లిలీ మాడెన్ ముఖాన్ని గడ్డిలో పెంచారు. నేల ఎవరిదన్న వాదన ఉన్న చోట, ఆ మనిషి ముఖాన్ని నేల మీద మొలిచే దానితోనే చూపడానికి వేరే వ్యాఖ్య అక్కర్లేదు.

వాళ్ళ మిగతా పనుల్లో ఓక్ చెట్ల సంగతి ఒక్కటి చెప్పి ముందుకు పోతాను. జర్మన్ కళాకారుడు జోసెఫ్ బాయిస్ 1982లో కాసెల్ నగరంలో "ఏడు వేల ఓక్ చెట్లు" అన్న పేరుతో చెట్లు నాటించే పని మొదలుపెట్టాడు. 2007లో వీళ్ళు అక్కడి ఓక్ చెట్ల కింద రాలిన గింజలు ఏరుకొచ్చి మొలిపించారు. 2021లో వాటిలో వంద మొక్కలను లండన్‌లోని టేట్ మోడర్న్ కళా మ్యూజియం ముందు నిలబెట్టారు. ఓపికలో ఆ పద్నాలుగేళ్ళకూ గడ్డి గదిలోని పది రోజులకూ పోలిక ఉంది, కానీ దాన్ని లాగి ఫొటోగ్రఫీ కింద కట్టేయనవసరం లేదు.

ఇందులో నాకు మింగుడుపడని సంగతి ఒకటుంది. ఈ గడ్డి ముఖాలను మనలో చాలామంది చూసింది తెర మీద. నేనూ అంతే, ఎదురుగా నిలబడి చూసింది లేదు. ఎవరో మామూలు కెమెరాతో తీసిన ఫొటోల్లో చూశాను. ఆ ఫొటోలు నిలుస్తాయి, పంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు. తడి మట్టి వాసన, గదిలోని చెమ్మ, దగ్గరికి వెళ్తే ముఖం కరిగి ఉత్త పరకలుగా విడిపోవడం, ఇవేవీ వాటిలో ఉండవు. నిలవని ఫొటోను లోకానికి చూపడానికి నిలిచే ఫొటోనే తోడు తెచ్చుకోవలసి వచ్చింది. దీన్ని ఓటమి అని కొట్టిపారేయలేను. అలాగని పట్టించుకోకుండా ఉండలేను. గడ్డి ఫొటోను కొన్నవారు కూడా దీపాలు తగ్గించిన గదిలో, వెడ్జ్‌వుడ్ చూసుకున్నట్టే, దాన్ని చూసుకోవలసిందే.

నా గోధుమల 'అ'ను ఫోనులో ఫొటో తీసి, పళ్ళేన్ని కిటికీ పక్కన పెట్టాను. మర్నాడు సాయంత్రానికి పసుపు మొలకల కొనలు పచ్చబడ్డాయి. మూడో రోజు ఎంత వెతికినా అక్షరం ఎక్కడుందో దొరకలేదు, పళ్ళెమంతా ఒకే పచ్చ. నాలుగో రోజు కోసి పక్కింటివాళ్ళ కుందేళ్ళకు వేశాం.